గురమ్మ వేలిపై వాహిద్ సార్ విచారణ

మహనీయుల జీవిత చరిత్రల్లో, వాళ్లు పుట్టిన రోజున ఆకాశంలో ఏదో ఒకటి జరుగుతుంది. అబ్దుల్ వాహిద్ జమ్మలమడుగులో పుట్టిన రోజున కరెంటు పోయిందని మాత్రం వాళ్లమ్మ అమీనాబీ చెబుతుంది. ఆ కాలంలో కరెంటు ఉండడమే విశేషం కాబట్టి, పోవడాన్ని శకునంగా ఎవరూ పరిగణించలేదు.

తండ్రి లాల్ బాషా దర్జీ. చూపు మందగించాక సూదిలో దారం ఎక్కించే బాధ్యతను కొడుక్కి అప్పగించాడు. ఆ విధంగా, ఒక కన్ను మూసుకుని రెండో కంటితో చిన్న రంధ్రంలోకి చూడడమనే విద్యలో వాహిద్‌కు పదేళ్లకే ప్రావీణ్యం అబ్బింది. ఆ తర్వాత జీవితమంతా ఆయన చేసింది అదే పని. రంధ్రం మారిందంతే.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసి పులివెందులలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాడు. ఆరేళ్లపాటు ఆ చుట్టుపక్కల జ్వరాలన్నీ ఆయన కంటి కిందుగా నడిచిపోయాయి. అక్కడే పర్వీన్ అనే అమ్మాయి రక్తపరీక్షకు వచ్చింది. రిపోర్టులో ఏమీ లేదు. ఏమీ లేదని చెప్పడానికి వాహిద్ మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాడు. నాలుగోసారి పెద్దవాళ్లు వెళ్లారు.

ఆ తర్వాత కువైట్. ఒక క్లినిక్‌లో పందొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట ప్రొద్దుటూరులో కట్టుకున్న ఇంటికి శాశ్వతంగా తిరిగి వచ్చాడు. కువైట్ అట్టపెట్టెల్లో ఏముండాలనే విషయంలో కడప జిల్లాకు ఒక అలిఖిత శాసనం ఉంది: దుప్పట్లు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, ఎవరి కోసం తెచ్చారో వాళ్లకు తప్ప మిగతా అందరికీ సరిపోయే చొక్కాలు. మొదటి పెట్టె శాసనానికి లోబడే ఉంది. బంధువుల సమక్షంలో రెండో పెట్టె విప్పగానే నల్లటి ఇనుప వస్తువొకటి బయటపడింది.

"ఇదేంది జీ? మిక్సీనా?" అంది పర్వీన్.

"మైక్రోస్కోపు. క్లినిక్‌లో కొత్తది కొన్నారు, పాతది నాకిచ్చినారు."

"దీంట్లో ఏం రుబ్బుతారు?"

ఏమీ రుబ్బరని తెలిసిన క్షణంలోనే బంధువులు చెప్పులు వేసుకున్నారు.

వాహిద్ మాత్రం నిరుత్సాహపడలేదు. ఇంట్లో ఉన్న ప్రతిదాన్నీ చూశాడు. కుండలో నీళ్లు, ఫ్రిజ్ తలుపు మీది జిడ్డు, మిగిలిన పప్పు. తల్లి అమీనాబీ పంటి మీది పాచిని అగ్గిపుల్లతో గీకి, అద్దం కింద పెట్టి ఆమెకే చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఇంతమంది నా నోట్లో కూర్చోని తింటాండారా బేటా?"

"అవును అమ్మీ."

"అందుకేరా, నేను ఎంత తిన్నా ఒళ్లు చెయ్యలా."

నాలుగో నెలలో పర్వీన్ ఆయనకు వంటగది ప్రవేశాన్ని నిషేధించింది. శాస్త్రానికి కొత్త స్థలం అవసరమైంది. అలా వాహిద్ వీధి చివరి ప్రాథమిక పాఠశాలకు వెళ్లాడు.

అక్కడి హెడ్మిస్ట్రెస్ రత్నమణి, ఇరవై రెండేళ్లుగా పిల్లలతో చేతులు కడిగిస్తూ గొంతు అరగదీసుకున్న మనిషి. "సార్, నేను చెప్తానే ఉండా, వాళ్లు ఆ చేతుల్తోనే తింటానే ఉండారు," అంది. "కనపడనిదాన్ని ఎంతకని నమ్ముతారు? మీరు చూపించండి. శనివారం చివరి పీరియడ్ మీది."

మొదటి శనివారం మూడు, నాలుగు తరగతుల పిల్లలు నలభై మంది కూర్చున్నారు. వాహిద్ గొంతు సవరించుకున్నాడు.

"మూడు నూర్ల యాభై ఏండ్ల కింద, హాలండ్ దేశంలో లీవెన్‌హుక్ అని ఒక బట్టల షావుకారు ఉండ్య."

వెంటనే రెహాన్ చెయ్యెత్తాడు. వాళ్ల నాన్న బట్టల కొట్లో పని చేస్తాడు. "అంగడి ఏ బజార్లో సార్?"

"డెల్ఫ్ట్ అనే ఊర్లో."

"ప్రొద్దుటూరి కంటే పెద్దదా?"

"చిన్నదే."

క్లాసు తృప్తిపడింది. ఇక ఆ షావుకారు ఏం కనిపెట్టినా అంగీకరించడానికి సిద్ధమైంది.

"బట్టలో పోగులు లెక్కబెట్టేదానికి భూతద్దం వాడేవాడు. అంతటితో ఊరుకున్యాడా? లేదు. తానే అద్దాలు అరగదీసుకోని వాన నీళ్లు చూసినాడు, మిరియాలు నానబెట్టిన నీళ్లు చూసినాడు. ఒకనాడు పంటి మీద పాచి గీకి చూస్తే, దాంట్లో ఏవో కదుల్తాండాయి!"

నాలుగో తరగతి లహరి లేచింది. రెండు జడలు, ఒకటే రిబ్బను. "ఆయన పండ్లు తోముకోడా సార్?"

"దినామూ ఉప్పుతో తోముకుండేవాడు పాపా. అయినా ఉండాయి."

పిల్లలు ఒకరి నోటికేసి ఒకరు చూసుకున్నారు. తర్వాత వరసగా వచ్చి మైక్రోస్కోపులో రెహాన్ పంటి పాచిని దర్శించుకున్నారు. రెహాన్ తన ప్రజలను చూసుకునే రాజులాగ పక్కన నిలబడ్డాడు. మర్నాడు ఆదివారమైనా ఆ వీధి పిల్లలు ఎవరూ చెప్పకుండానే పళ్లు తోముకున్నారు. రెండిళ్లలో తల్లులు కంగారుపడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు.

రెండో శనివారంతోనే చిక్కు వచ్చింది.

ఆ రోజు వాహిద్ ముందుగా సెమ్మెల్‌వైస్ కథ చెప్పాడు. వియన్నా ఆసుపత్రిలో బాలింతలు జ్వరంతో చనిపోతున్నారు. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు వచ్చి కాన్పులు చేస్తున్నారని ఈయన కనిపెట్టాడు. అందరినీ మందునీళ్లలో చేతులు కడుక్కుని రమ్మన్నాడు. చావులు తగ్గాయి. కాని తమ చేతులు మురికివంటే పెద్ద డాక్టర్లకు పౌరుషం రాదా? వచ్చింది. ఆయన మాట పక్కన పెట్టారు. పిల్లలు ఆ డాక్టర్ల మీద మండిపడ్డారు.

"ఇంతసేపూ చెడ్డవాటి గురించి చెప్పినా," అన్నాడు వాహిద్. "మంచివీ ఉండాయి. ఈ పొద్దు మీరు అన్నంలోకి తినే పెరుగు ఎవరు చేసిందనుకుంటాండారు?"

"మా అవ్వ," అంది లహరి.

అది నిజమే. లహరి అవ్వ గురమ్మ రెండు గేదెలు పెట్టుకుని, ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ నాలుగు వీధులకూ గంపలో కుండలు పెట్టుకుని పెరుగు అమ్ముతోంది. వాహిద్ ఆ రోజు తెచ్చిన పెరుగు కూడా ఆమెదే. దాన్ని అద్దం కింద పెట్టి, పుల్లల్లాంటివి కనబడుతున్నాయి చూడండి, పాలను పెరుగు చేసే పనివాళ్లు వీళ్లే అని చూపించాడు. పాలు పులవడం వెనుక ప్రాణం ఉన్నవి ఉన్నాయని పాశ్చర్ అనే ఆయన ఎలా రుజువు చేశాడో చెప్పాడు.

"పాలు శానా వేడిగా ఉన్నప్పుడు తోడు వేస్తే ఇవి సచ్చిపోతాయి. సల్లారిపోతే నిద్రపోతాయి. గోరువెచ్చగా ఉండల్ల. గోరువెచ్చ అని ఎట్ల తెలుస్తాది? థర్మామీటరు..."

"మా అవ్వకి అదేం అక్కర్లేదు సార్!" లహరి గర్వంగా నిలబడింది. "పాలల్లో వేలు పెట్టి చూస్తాది."

"వేలా?" వాహిద్ సెమ్మెల్‌వైస్ ఊపులో ఉన్నాడు. "వేలు పెడితే వేలి మీద ఉండేవన్నీ పాలల్లోకి దిగిపోవా? అట్ల పెట్టకూడదు!"

ఇంకో వాక్యం చెప్పవలసి ఉంది. అందులో కడిగిన వేలు, కడగని వేలు అనే తేడా ఉంది. ఆ వాక్యం నోట్లో ఉండగానే బడిగంట కొట్టారు. నలభై మంది పిల్లలు ముందు వాక్యాన్ని మాత్రం తీసుకుని ఇళ్లకు పరిగెత్తారు.

ఆదివారం పొద్దున గురమ్మ గంప దించిన మొదటి ఇంట్లో "ఈ పొద్దు వద్దులే అవ్వా" అన్నారు. రెండో ఇంట్లో ఊరికి పోతున్నామన్నారు. మూడో ఇంట్లో తలుపు తియ్యలేదు. నాలుగో ఇంట్లో రెహాన్ ఉన్నాడు. దాచడం వాడికి తెలియదు.

"నీ వేలి మీద శానా ఉంటాయంట అవ్వా. అవన్నీ పెరుగులోకి వస్తాయంట. వాహిద్ సార్ చెప్పినాడు."

గురమ్మ గంప ఎత్తుకుని తిన్నగా వాహిద్ ఇంటికి వచ్చింది.

"ఏమప్పా వాహిదూ, ఇంట్లో ఉండావా?"

"రా పెద్దమ్మా, కూర్చో."

"కూర్చునేదానికి రాలా. ఈ వేలు చూడు." చూపుడు వేలు ఆయన ముక్కుకు బెత్తెడు దూరంలో నిలిచింది. "నీ కూతురు పెండ్లికి ఎవరి పెరుగు తిన్యారు?"

"నీదే."

"ఆ పొద్దు ఈ వేలు యాడుండ్య? నీ అల్లుడు మూడు మార్లు వేయించుకోని తిన్యాడే, నీకేం కనపళ్లేదా? కువైట్లో పందొమ్మిదేండ్లు ఉండి నువ్వు నేర్చుకోనొచ్చిండేది నా వేలు గురించేనా?"

లోపలి నుంచి పర్వీన్ అందుకుంది. "అడుగు పెద్దమ్మా, బాగా అడుగు. నా వంటింటికి గూడా ఇట్లనే తగులుకున్యాడు."

"నేను అట్ల చెప్పలేదు పెద్దమ్మా, పిల్లోళ్లు సగమే..."

"పిల్లోళ్లకి సగం చెప్పిండేది ఎవరు?" గురమ్మ గొంతు ఒక్కసారిగా తగ్గింది. "కుండలు చూడు, నిండుగా ఉండాయి. రేపూ ఇంతే అయితే ఎనుముల్ని అమ్ముకోవల్ల. అది నా పాట్లు, ఎట్లనో పడతా. పాప బడికి పోనంటాంది. నేనే చెప్పినా అవ్వా, నా వల్లనే అని పొద్దున్నించి గువ్వమాదిరి మూల కూకోనుంది. ఎందుకో నాకిప్పుడు తెలిసింది."

గురమ్మ గంప తలకెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆయన ప్రాయశ్చిత్తానికి బయలుదేరాడు. ఇంటింటికీ తిరిగి గురమ్మ పెరుగు మంచిదేనని చెప్పాడు. "మీరే గదా సార్ చెప్పిండేది," అన్నారు వాళ్లు. టీ అంగడి ముందు అందరూ చూస్తుండగా గురమ్మ పెరుగు గిన్నెడు తిన్నాడు. "ముసలామె బాగా తిట్టినట్టుంది పాపం, భయపడి తింటాండాడు," అని జనం జాలిపడ్డారు. వాహిద్ ఆ రోజు ఒక సత్యాన్ని కనిపెట్టాడు: మాట అంటుకున్నంత వేగంగా ఏ సూక్ష్మజీవీ అంటుకోదు, దానికి మందు కూడా లేదు.

సోమవారం రత్నమణి కబురు పంపింది.

"సార్, పిల్లలకి సైన్స్ చెప్పమన్నా గాని, ఒక పెద్దామె పొట్ట కొట్టమనలా. లహరి ఈ పొద్దు గూడా బడికి రాలా. శనివారం లోపల మీరు దీన్ని సరిచెయ్యల్ల. లేకపోతే మైక్రోస్కోపు ఇంటికి తీసుకోని పోండి."

వంటగదిలో నిషేధం, బడిలో గడువు. ఇక మైక్రోస్కోపును మోసుకుని ఎక్కడికి పోవాలి? వాహిద్ ఇంటికి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపటి తర్వాత, "పర్వీన్, జర్మనీలో కాక్ అని ఒక డాక్టరు ఉండ్య. మైక్రోస్కోపు వాళ్లావిడే పుట్టినరోజుకి కొనిచ్చిందంట," అన్నాడు.

"ఆయమ్మకి వంటిల్లు లేదేమో."

"ఆయన ఉడకబెట్టిన ఉర్లగడ్డ ముక్క మీద చుక్కలు చూసినాడు. ఒక్కో చుక్కా కంటికి కనపడని జీవుల ఒక్కో వంశం. ఇంట్లో ఉర్లగడ్డలు ఉండాయా?"

"ఉండాయి. నేనే ఉడకబెడతా. నువ్వు లోపలికి రావాకు."

మంగళవారం బడి వరండాలో విచారణ మొదలైంది. బల్ల మీద మరిగే నీళ్లలో కడిగిన అయిదు గాజు సీసాలు, ఒక్కోదానిలో ఒక్కో బంగాళాదుంప ముక్క. మొదటి ముక్కను ఎవరూ తాకకూడదు. మిగతా నాలుగింటినీ రెహాన్, రత్నమణి, వాహిద్, గురమ్మ ఒక్కొక్కరు వేలితో తాకి, వెంటనే మూత పెట్టాలి. గురమ్మ రానే రానంది కాని, తన వేలిని తాను లేకుండా విచారించడం ఆమెకు నచ్చలేదు. లహరి అవ్వ కొంగు పట్టుకుని వచ్చింది.

"పనికి ముందు మీరు దినామూ ఎట్ల కడుక్కుంటారో అట్లనే కడుక్కోండి," అన్నాడు వాహిద్.

రెహాన్ కుళాయికి చేతులు చూపించి వచ్చాడు. రత్నమణి సబ్బుతో కడుక్కుంది. వాహిద్ సబ్బు నురగతో వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు, ప్రతి భాగాన్నీ పిల్లలకు వివరిస్తూ కడిగాడు. మధ్యలో ఫోన్ మోగింది. ఎర్రగుంట్ల నుంచి స్నేహితుడు. "బడిలో ఉండా, మళ్ల చేస్తా," అని చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకుని, గంభీరంగా ముక్కను తాకాడు.

"నాకి నీళ్లు కాంచాల," అంది గురమ్మ.

మధ్యాహ్న భోజనం పొయ్యి మీద నీళ్లు కాగేదాకా నలభై మంది ఎదురుచూశారు. గురమ్మ మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది. తర్వాత పట్టలేనంత వేడినీళ్లను చేతి మీద ధారగా పోయించుకుంది. అందించబోయిన తువాలు వద్దంది. చెయ్యి పైకెత్తి ఊరికే నిలబడింది.

"తుడుచుకో పెద్దమ్మా," అన్నాడు వాహిద్.

"తుడుచుకుంటే కడిగిండేదంతా దండగ. గుడ్డ ఏమన్నా కడిగిండేదా? గాలికే ఆరల్ల."

రత్నమణి వాహిద్ కేసి చూసింది. వాహిద్ గురమ్మ కేసి చూశాడు. "దినామూ ఇట్లనే చేస్తావా?"

"చెయ్యకుంటే పెరుగు తీగలు సాగుతాది. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒకసారి సాగితే మా అత్త నా చెయ్యి తీసి వేడినీళ్లలో ముంచింది. ఇంక మర్చిపోతానా?"

"లహరీ, ఈ సంగతి నువ్వు ఆ పొద్దు చెప్పలేదే?"

"మీరు అడగలా సార్," అంది లహరి. శనివారం తర్వాత ఆ పిల్ల బడిలో మాట్లాడిన మొదటి మాట అదే.

సీసాలను బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి లహరి మెడలోకి వెళ్లింది.

శనివారం పిల్లలతో పాటు తల్లులు కూడా వచ్చారు. గురమ్మ కుండల్ని ముందు వద్దన్నవాళ్లు అందరికంటే ముందు వరసలో నిలబడ్డారు. లహరి బీరువా తీసింది. రత్నమణి సుద్దముక్కతో బోర్డు దగ్గర నిలబడింది. మూతలు తియ్యకుండా, గాజులోంచే చూసి ముక్కల మీది చుక్కల్ని లెక్కబెట్టాలని వాహిద్ ఆజ్ఞాపించాడు.

తాకని ముక్క: సున్న. రెహాన్ ముక్క: ఇరవై నాలుగు, పసుపు, తెలుపు కలిపి. వాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. రత్నమణి ముక్క: ఏడు. గురమ్మ ముక్కను లహరి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. పిల్లలు అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"ఒకటి!"

తల్లుల వరసలో ఒక నిట్టూర్పు వినబడింది. వాహిద్ వెంటనే ఉపన్యాసం అందుకున్నాడు. "కాబట్టి పిల్లలూ, దీన్నిబట్టి మనం నేర్చుకునేది ఏందంటే..."

"సార్, మీది?" అంది లహరి.

"అదేముందిలే పాపా, టైమైపోతాంది."

టైము కాలేదు. లెక్క ముప్పై ఒకటి. అందులో ఒకదానికి బూజు గడ్డం మొలిచింది.

"సార్‌ది నాకంటే ఎక్కువ!" రెహాన్ ఆనందం పట్టలేక గెంతాడు.

"సబ్బు పెట్టి కడిగినానే!"

"ఫోన్ పట్టుకున్యారు సార్," అన్నారు నలభై మంది.

రత్నమణి బోర్డు మీద ముప్పై ఒకటి అని రాసి, దాని కింద గీత గీసింది. వాహిద్ జేబులో ఫోన్‌ను బయటి నుంచే తడుముకున్నాడు. "చుక్కలన్నీ రోగాలు కావు మేడం. వీటిలో శానా వాటికి మన జోలే ఉండదు."

"నా వేలు గురించి చెప్పేటప్పుడు చెప్పల్ల ఈ మాట," అంది గురమ్మ.

వాహిద్ తల ఊపాడు. తర్వాత తల్లుల కేసి తిరిగి, అందరికీ వినబడేలా చెప్పాడు. "తప్పు నాది. పాప చెప్పింది సగం విని, మిగతాది అడక్కుండా పెద్దమ్మ వేలికి వంకబెట్టినా. ఆమె కడిగినట్టు నేను ఆసుపత్రిలో గూడా కడగలా."

గురమ్మ మాత్రం తన సీసానే చూస్తోంది. "అంతా సరేగాని, ఈ ఒకటి యాడినించి వచ్చింది?"

"గాలిలోది కావచ్చు పెద్దమ్మా."

"అయితే నాది కాదంటావా?"

"అట్లని చెప్పలేను."

"చెప్పలేవు గదా? అదే రాయించు ఆడ."

రత్నమణి బోర్డు మీద గురమ్మ పేరు ఎదురుగా "ఒకటి, ఎవరిదో తెలియదు" అని రాసింది. గురమ్మ చదువు రానిది కాబట్టి లహరి చేత పైకి రెండుసార్లు చదివించుకుని, అప్పుడు గంప ఎత్తుకుంది. తల్లులు దారిచ్చారు. ఇద్దరు ఆమె వెంటే నడిచారు.

"సార్," అంది రత్నమణి దుమ్ము దులుపుకుంటూ, "మైక్రోస్కోపు ఈడనే ఉండనీండి. మోసుకోని పోయేదానికి మళ్ల చేతులు కడగల్ల."

ఆదివారం పొద్దున నలభై మంది పిల్లలు మోసిన వార్త ఏమిటో వీధికి తెలుసు. గురమ్మ వేలి లెక్క సగం మందే చెప్పారు. సార్ వేలి లెక్క, గడ్డంతో సహా, అందరూ చెప్పారు. గురమ్మ కుండలు ఎనిమిది గంటల లోపలే దాదాపు అడుగంటాయి. మూడో ఇంటివాళ్లు తలుపు ముందే తీసిపెట్టి ఎదురుచూశారు.

ఆమె వాహిద్ ఇంటికి వచ్చేసరికి ఒక కుండలో కాస్త మాత్రమే మిగిలింది. ఆయన గిన్నె పట్టుకుని, మొహం నిండా నవ్వుతో వాకిట్లోకి వచ్చాడు. గురమ్మ గరిటె కుండలోనే ఆపింది. లోపలికి తొంగి చూసింది.

"పర్వీనూ! నువ్వు రామ్మా బయటికి. వేరే గిన్నె తే, ఆ చేతిది నాకొద్దు, ఇంకా నాలుగిండ్లు తిరగల్ల నేను."